ఆదరణ కూడికలో నేనెత్తిన పాట

“ఒక్క మాట చెప్పనియ్యక్కా.”

“చాల్లేవే, తర్వాత చెబుదువు గాని. ముందు స్తోత్రం చెప్పి కూర్చో.”

నాకూ మా తోటికోడలికీ మధ్య నడిచిన చివరి మాటలివి. నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెబుతూంటే రాస్తున్నది దాని కూతురే. తల్లి ఎవరికీ ఏమీ చెప్పకుండా పోయిందని నమ్మి పెరిగిన పిల్ల. ఆ నమ్మకం అబద్ధమని అందరికంటే నాకే బాగా తెలుసు.

రాజోలు దగ్గర మా పేటలో ఎవరైనా పోతే మూడో రోజు ఆదరణ కూడిక పెడతారు. ఆ ఇంటివాళ్లు లేచి, ఇంత దుఃఖంలోనూ దేవుడికి స్తోత్రమని సాక్ష్యం చెప్పాలి. నా భర్త పోయినప్పుడు నేనూ చెప్పాను. లోపల ఒక్క ముక్కా లేదు, పెదాలతో చెప్పాను. “విశ్వాసమంటే అదమ్మా” అని చర్చి అయ్యగారు మెచ్చుకున్నారు. అప్పట్నించి ఆడవాళ్ల కూడికల్లో పాటెత్తే పెద్దరికం నాదయింది.

రెండేళ్లకి మా మరిది కొడుకు జ్వరంతో పోయాడు. మూడో రోజు తాటాకు పందిరి కింద పేటంతా కూర్చుని ఉంది. తోటికోడలు లేచింది.

“నాకు స్తోత్రం రావట్లేదండీ. బాబు దగ్గరికెళ్లిపోవాలనుందండీ.”

“ఇవేం మాటలండీ!” అంది వెనకనుంచి ఒకావిడ. “మీ తోటికోడలికి మీరైనా చెప్పుకోరేంటండీ?”

నాకు తల కొట్టేసినట్టయింది. సాక్ష్యం దారి తప్పితే పాటెత్తి కప్పేయడం మాకు అలవాటు. గట్టిగా ఎత్తేశాను. కంజీర అందుకుంది. తోటికోడలు నా పక్కకొచ్చి చెయ్యి పట్టుకుంది. అప్పుడే మొదట చెప్పిన ఆ మాటలు. చెయ్యి విదిలించుకుని రెండో చరణం అందుకున్నాను. ఆ సాయంత్రం దాని గడప తొక్కలేదు. పరువు తీసిందన్న కోపం. తెల్లారేసరికి అది మాకు దక్కలేదు.

కొన్నేళ్లకి అమలాపురం నుంచి ఒక నర్సమ్మ మా ఆడవాళ్ల కూడికకి వచ్చింది. ఆవిడా మాలాంటి పేటలో పుట్టినదే.

“చావాలనుందన్న మనిషిని తిట్టకండమ్మా. పక్కన కూర్చుని, నిజంగా ఆ ఆలోచనుందా అని అడగండి. ఒంటరిగా వదలకండి. ప్రార్థన మానమనట్లేదు, ముందు వినండి.”

“అడిగితే లేని బుద్ధి పుట్టదాండీ?” అని ఎవరో అడిగారు.

“పుట్టదండీ. బరువు దిగుద్ది.”

ఒకావిడ నన్ను చూపించింది. “ఈవిడ అలాగే చేసేరండీ. తోటికోడల్ని ఎంత ఓదార్చేరో!”

కాదనలేకపోయాను. “ఆయ్” అన్నాను. పాటెత్తింది ఆ క్షణం తొందరలో అనుకుందామన్నా, ఈ “ఆయ్”కి ఏ వంకా లేదు.

కలం ఆపావేమే అమ్మాయ్? రాయి. మీ అమ్మ చెప్పింది. అందరిలో చెప్పింది, నా చెయ్యి పట్టుకుని మళ్లీ చెప్పబోయింది. నేనే విన్లేదు. నా మీద జాలిపడి “తెలియక” అని ఎక్కడైనా కలిపావేమో. ఏదీ, మొదట్నుంచి చదివి వినిపించు.