నారాయణప్ప ఓటు, సోమవారం షిఫ్టు

2024లో ఎన్నికలు మే నెలలో, సోమవారం నాడు పడ్డాయి. అప్పటికి నేను మదనపల్లెలో ఒక డయాలసిస్ సెంటర్‌లో టెక్నీషియన్‌గా చాలా ఏళ్లుగా చేస్తున్నాను. కిడ్నీలు పనిచేయని మనిషి రక్తాన్ని మిషన్‌లోంచి పంపి, కడిగి, మళ్లీ ఒంట్లోకి పంపడం మా పని. ఒక్కొక్కరికి నాలుగు గంటలు, వారానికి మూడుసార్లు. సోమ, బుధ, శుక్రవారాల వాళ్లు ఒక జట్టు. మంగళ, గురు, శనివారాల వాళ్లు ఇంకో జట్టు. ఆదివారం మిషన్లకు సెలవు, మాకూ సెలవు. పెళ్లిళ్లొచ్చినా, చావులొచ్చినా, గంగజాతరలొచ్చినా ఈ వరస మారదు. ఓట్లకు మాత్రం ఎందుకు మారుతుంది?

నారాయణప్పది సోమవారం జట్టు, రెండో షిఫ్టు. ఊరు పెద్దపంజాణి మండలంలో ఒక పల్లె. అరవై దాటిన రైతు. మూడేళ్లుగా భార్య సుశీలమ్మను వెంటబెట్టుకుని పుంగనూరు మీదుగా బస్సులో వచ్చిపోయేవాడు. నేను మిషన్ ఆన్ చేయగానే ఆయన నోరూ ఆన్ అయ్యేది. నాయకుల్ని తిట్టడంలో ఆయనకు పక్షపాతం లేదు. ఆ పార్టీ, ఈ పార్టీ అని చూడకుండా అందరికీ సమానంగా పంచేవాడు.

తిట్టడానికి కారణం లేకపోలేదు. వాళ్ల ఊరికి, తారు రోడ్డుకు మధ్య ఒక వంక ఉంది. ఆయనకు మొదటిసారి ఆయాసం వచ్చిన రోజు వంక పారుతుంటే మంచం మీద మోసి దాటించారు. అంబులెన్స్ అవతలి గట్టున నిలబడి ఉంది.

"మూడు ఎలక్షన్లకు మూడు టెంకాయలు కొట్టినారు సిస్టరమ్మా. టెంకాయలు పగిలినాయి గానీ వంతెన లేవలే" అనేవాడు.

నేను కాదనేదాన్ని కాదు. నాకూ పెద్ద నమ్మకం లేదు. నా ఓటు కుప్పం పక్కన మా సొంతూరు గుడుపల్లెలో ఉంది. ఓటు కోసం అంత దూరం పడి పోవడం దండగని అంతకుముందు ఎన్నికలకూ వెళ్లలేదు, ఆసారీ వెళ్లే ఆలోచన లేదు.

పోలింగ్‌కు ముందు శుక్రవారం ఆయన నన్ను పిలిచాడు.

"సోమవారం నన్ను పొద్దున షిఫ్టులో ఏయమ్మా. మద్యానానికి ఊరికి పోయి ఓటెయ్యాల."

నాకు నవ్వొచ్చింది. "ఎవురికేస్తావప్పా? అందురూ దొంగలే అంటివి కదా?"

"దొంగలే. అయితే?"

షిఫ్టు మార్చకపోతే సోమవారం మానేసి మంగళవారం వస్తానన్నాడు. అది విని భయపడ్డాను. శుక్రవారం నుంచి సోమవారానికే అన్నిటికన్నా పెద్ద ఎడం. దానికి ఇంకో రోజు కలిస్తే ఒంట్లో చేరిన నీరు ఊపిరితిత్తుల దాకా వస్తుంది. అందుకని మొదటి షిఫ్టులో ఉన్న ఒక బట్టల షాపాయన్ను బతిమాలాను. ఆయన బూత్ ఇంటి పక్క వీధిలోనే, రెండో షిఫ్టుకు వస్తానన్నాడు.

సోమవారం తెల్లవారేసరికి నారాయణప్ప దంపతులు సెంటర్ దగ్గర ఉన్నారు. ముందురోజు సాయంత్రమే వచ్చి బంధువుల ఇంట్లో పడుకున్నారట. మిషన్ పెట్టేముందు బరువు చూస్తాం. ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువును డ్రై వెయిట్ అంటారు. దాని మీద ఎంత పెరిగితే అంత నీరు తీయాలని లెక్క. నారాయణప్ప ప్రతి సోమవారం మూడు కిలోలకు తగ్గకుండా పెరిగి వచ్చేవాడు. ఆ రోజు కిలో కూడా లేదు.

"ఏమమ్మా, ఈయన నీళ్లు తాగలేదా?" అని ఎప్పటిలాగే సుశీలమ్మను అడిగాను.

"నోరు తడుపుకున్నాడు, అంతే. కూడు కూడా సరింగా తినలే. యాలో నాకు సెప్పలే."

కొంచెమే నీరు తీసేటట్టు పెట్టి మిషన్ మొదలుపెట్టాను. గంట దాటాక నారాయణప్ప ఆవులించడం మొదలుపెట్టాడు. మా పనిలో ఆవులింత నిద్రకు గుర్తు కాదు, బీపీ పడిపోతోందని మొదటి గుర్తు. చూసేసరికి నుదుటి మీద చెమట, పై బీపీ ఎనభై. నీరు తీయడం ఆపేశాను, కాళ్లు ఎత్తి పెట్టాను, సెలైన్ వదిలాను. కాసేపటికి కళ్లు తెరిచాడు.

"యాల తాగలేదప్పా?" అన్నాను.

"ఒంట్లో నీళ్లు తక్కువుంటే మిషను బిన్నె, రెండు గంటలకే వదుల్తాదనుకున్యా సిస్టరమ్మా."

ఒళ్లు మండిపోయింది. "నీళ్లు తీసేది ఒక పని, రగతం కడిగేది ఇంగో పని! ఎంగిలి గిన్నె కాళీగా ఉండాదని తోమకుండా ఎత్తి పెడతామా?" అని అరిచాను. ఇంకా తవ్వితే ఇంకోటి బయటపడింది. డయాలసిస్ రోజు పొద్దున వద్దన్న బీపీ మాత్ర వేసుకొచ్చాడు. ఓటు రోజు ఒళ్లు బాగుండాలట!

డ్యూటీ డాక్టర్ వచ్చి చూశాడు. "సాయంత్రం దాకా కదలడానికి వీల్లేదమ్మా. ఓటు ఈసారి కాకపోతే వచ్చేసారి. ప్రాణం అలా కాదు" అని సుశీలమ్మతో చెప్పాడు. ఆమె తలూపింది. నేనూ తలూపాను. నారాయణప్ప మొహం గోడవైపు తిప్పుకున్నాడు. అంత లావు సూదులు గుచ్చినా ఏనాడూ చెమ్మగిల్లని కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

చూడలేక, "పోనీలేప్పా, నీ ఒక్క ఓటుతో వంతెన వస్తాదా?" అన్నాను.

"రాదు. అది నాకూ తెలుసు." మొహం మళ్లీ నావైపు తిప్పాడు. "నేనేం తినాల్నో ఆయమ్మ సెప్తాది. ఎన్ని నీళ్లు తాగాల్నో నువ్వు సెప్తావు. ఎప్పుడు రావాల్నో ఈ మిషను సెప్తాది. బూమి గుత్తకిచ్చినాడు నా కొడుకు, ఒక మాట అడగలే. నేను నీళ్లు తాగినానా లేదా అనేది కూడా నువ్వు ఆయమ్మనే అడుగుతావు. పక్కన నేను కూసోనుంటే! ఇంగ నా ఇష్టం అనేది యాడన్నా ఉండాదంటే ఆ బూతులోనే. ఆడ ఆ అట్ట ఎనకాల నాకు మారుగా ఎవురూ నొక్కేదానికి లేదు. అందురూ దొంగలే గానీ, యా దొంగ అనేది నేనే కదమ్మా తేల్సాల్సింది?"

సుశీలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

డాక్టర్ దగ్గరికి వెళ్లాను. నాలుగు గంటలూ పూర్తి చేసి, అన్నం పెట్టి, కూర్చోబెట్టి, నిలబెట్టి బీపీ చూద్దాం, నిలకడగా ఉంటే పంపుదాం అన్నాను. "దారిలో పడిపోతే?" అన్నాడు. "నా డ్యూటీ రెండింటికి అయిపోతుంది సార్, నేను వెంట పోతాను" అనేశాను. నా ఓటుకే పోని దాన్ని, ఇంకొకరి ఓటుకు ప్రయాణం కట్టాను. మధ్యాహ్నానికి బీపీ కుదురుకుంది. డాక్టర్ ఆయన్ను వదిలాడు. జాగ్రత్తలన్నీ ఈసారి నాకు చెప్పాడు.

బస్టాండ్ దగ్గర జెండా కట్టిన జీపు ఒకటి ఆగింది. లోపల వాళ్ల ఊరి కుర్రాళ్లు. "రా మామా, బూతుకాడ దింపుతాం" అన్నారు.

"మీ బండెక్కితే నా ఓటు కూడా ఎక్కించుకున్యామనుకుంటారు. మీరు పోండప్పా" అన్నాడు. అలా పుంగనూరు దాకా బస్సు, అక్కణ్ణుంచి బాడుగ ఆటో. వంక ఎండిపోయి ఉంది కాబట్టి ఆటో ఇసుకలో దిగి, మూలుగుతూ గట్టెక్కింది.

బూత్ ఊరి బడిలో. బడికి దూరంగా రెండు పార్టీల వాళ్లు బల్లలు వేసుకుని కూర్చున్నారు. ఆటో దిగగానే రెండు బల్లల వాళ్లూ "రా అన్నా", "రా పెద్దనాయనా" అంటూ లేచి వచ్చారు. నారాయణప్ప ఎవరి చెయ్యీ పట్టుకోలేదు గానీ, ఆ పిలుపులకు మొహం విప్పారింది. లైన్లో వాళ్లు జరిగి ముందుకు పంపారు. నర్సునని చెబితే పోలీసు నన్ను వరండాలో నిలబడనిచ్చాడు. సుశీలమ్మ ముందు తన ఓటు వేసి గదిలోనే ఆగింది.

సిరా వేసే ఆయన నారాయణప్ప ఎడమచేతిని గబుక్కున పట్టుకున్నాడు. మేము సూదులు గుచ్చేది ఆ చేతికే. ప్లాస్టర్లు ఇంకా తీయలేదు.

"మెల్లిగప్పా. ఆ చెయ్యి సిస్టరమ్మది" అన్నాడు నారాయణప్ప. గదిలో వాళ్లంతా నావైపు చూశారు.

ప్రిసైడింగ్ ఆఫీసర్, అంటే ఆ బూత్‌కు పెద్ద, నారాయణప్ప వాలకం చూసి సుశీలమ్మను అడిగాడు. "తోడు వెళ్తారా అమ్మా? చేతకాని వాళ్లకు తోడు పోవచ్చు."

సుశీలమ్మ ఒక అడుగు ముందుకు వేసింది.

"నన్నడుగు సార్" అన్నాడు నారాయణప్ప. "వద్దు."

అట్ట వెనక్కు వెళ్లాడు. నాకు కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. అసెంబ్లీకి ఒక మిషన్, పార్లమెంటుకు ఒకటి. మొదటి మిషన్ కూత వినిపించింది. రెండోది ఎంతకూ రాదు. గదిలో కూర్చున్న పార్టీల ఏజెంట్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మళ్లీ కళ్లు తిరుగుతున్నాయేమోనని గుమ్మం దాకా జరిగాను. పాదాలు మాత్రం కదలకుండా, నిలకడగా ఉన్నాయి. చివరికి రెండో కూత వినిపించింది. ఆయన తన టైము తను తీసుకుని, కండువా సర్దుకుంటూ బయటికి వచ్చాడు.

నా ఓటు ఆ రోజు పడలేదు. అక్కణ్ణుంచి గుడుపల్లెకు చేరేంత టైము లేదు. అందుకు నాకు బాధ వేసింది. బాధ వేయడం నాకే ఆశ్చర్యంగా ఉండింది.

ఇప్పుడు కొత్తగా చేరే టెక్నీషియన్లకు నేను చెప్పే మొదటి మాట ఇదే: ఏదడిగినా ముందు మంచం మీదున్న మనిషిని అడగండి. అబద్ధం చెప్పినా సరే, బరువు చూస్తే ఎలాగూ తెలుస్తుంది. మొగుణ్ణో, పెళ్లాన్నో, కొడుకునో తర్వాత అడగొచ్చు.

ఆ పని నేను బుధవారమే మొదలుపెట్టాను. "ఎన్ని నీళ్లు తాగినావప్పా?" అని నేరుగా ఆయన్నే అడిగాను. ఆయన ఒకసారి సుశీలమ్మ వైపు చూసి, "శానా తాగేసినా. తప్పే" అన్నాడు. నిజమే చెప్పాడు.

అదే అదనుగా, సూది పెడుతూ, "అయితే ఏ దొంగకేసినావు?" అన్నాను.

నారాయణప్ప నవ్వాడు. "నా బరువు నీకు తెలుసు. నా రగతం నీకు తెలుసు. ఒంటేలు వచ్చేది, రానిదీ నీకు తెలుసు. ఇది మాత్రం సెప్పనమ్మా."

సుశీలమ్మ వైపు చూశాను.

"నాకూ సెప్పలే" అంది ఆమె.