చోకొలోమ్, మామా

స్వోర్డ్స్ అనే ఈ పరాయిదేశపు ఊళ్లో మా ఇంటి దగ్గరి బ్యూటీ పార్లర్లో ఒక హంగరీ పిల్ల పనిచేసేది. నేను తలుపు తోయగానే "చోకొలోమ్, మామా" అనేది.

"మామ ఏంటే? నేను ఆడదాన్ని!" అని మొదటిసారి కసిరాను. వాళ్ల భాషలో మామ అంటే అమ్మమ్మట. చోకొలోమ్ అంటే 'మీ చేతిని ముద్దాడుతున్నా' అనట. పెద్దావిడకి అలా చెప్పడం వాళ్ల మర్యాద. "ఊరికే అంటారంతే, నిజంగా ముద్దు పెట్టరు" అని నాతో వచ్చిన మా మనవరాలు నవ్వింది.

నా కుడిచేతి మీద నూనె పడి కాలిన పాత మచ్చ ఉంది. ఓనరమ్మ చర్మానికి రాసుకునే నీలంరంగు మందు సీసా ఒకటి చూపించి, ఇందులో రాగి పెప్టైడ్లున్నాయి, మచ్చ పోతుందంది. రోజూ రాగిచెంబులో నీళ్లు తాగేదాన్ని, రాగి అనగానే నమ్మేశాను.

ఆ పిల్ల ఊరుకోలేదు. "వద్దు మామా. చర్మం కాస్త నునుపవుతుందేమో గానీ, ఇంత పాత మచ్చ దీంతో పోదు" అంది. మనవరాలు నాకు తెలుగులో చెప్పింది.

ఓనరమ్మ ఆ పిల్లని అక్కడికక్కడే పనిలోంచి తీసేసింది. నావైపు తిరిగి, అంతా బాగుందన్నట్టు "ఆల్ గ్రాండ్" అని నవ్వింది. ఏం గ్రాండు? నిజం చెప్పిన పిల్ల పొట్ట కొట్టడం గ్రాండా? ఆ మాట అక్కడే అడగాల్సింది. ఇంగ్లీషు రాదని నోరుమూసుకు కూర్చున్నాను. మనవరాలు పక్కనే ఉందిగా, చెప్పమంటే చెప్పేది. పిరికిదాన్ని.

ఆ పిల్ల కోటు వేసుకుని వచ్చి, నా చెయ్యి పట్టుకుని, ఆ మచ్చ మీద నిజంగానే ముద్దు పెట్టి వెళ్లిపోయింది.

లేటు వయసులో అక్షరాలు దిద్దిన చెయ్యి ఇది. నోరు చెయ్యని పని ఇప్పుడు ఇలా రాసి దీంతో చేస్తున్నాను.