మా అత్త పెట్టిన విగ్గు

మా అత్త విగ్గు పెట్టిందంటే తల ఊడాలే గాని విగ్గు ఊడదు. ఒకసారి నిజంగానే ఒకాయన తల ఊడి విగ్గుకి వేలాడిందని చెబుదును గాని, మీరు నమ్మరని తగ్గించి చెబుతున్నాను. పదో తరగతిలోనే చదువుకి దండం పెట్టినవాణ్ణే గాని, అబద్ధానికి కొలత తెలియనివాణ్ణి కాను.

అత్త అంటే మా నాన్న చెల్లెలు. నృత్యనాటకాలు ఆడే హాల్లో ముప్పయ్యేళ్లుగా విగ్గుల గది ఆవిడ రాజ్యం. అదే హాల్లో నేను తెర లాగుతాను, కాబట్టి ఇదంతా కళ్లారా చూసిందే. గదిలో ఒక అద్దం, ఒక బల్ల, గోడ పొడుగునా విగ్గులు తొడిగిన చెక్క తలకాయలు. పిన్నులు డబ్బాలో ఉండవు, ఆవిడ పెదాల మధ్య ఉంటాయి. అవి అలా పెట్టుకునే మాట్లాడుతుంది, తిడుతుంది, ఒక్క పిన్నూ జారదు. విగ్గు పెట్టడం అయ్యాక "ఊఁ, తలూపు" అంటుంది. అవునని పదిసార్లు, కాదని పదిసార్లు ఊపాలి. ఆ తర్వాత వంగోమని, జుట్టు రెండు చేతులా పట్టి బావిలోంచి చేద లాగినట్టు లాగుతుంది. "అమ్మో!" అని అరిస్తే పాసైనట్టు. "ఏం కాలేదే" అన్నవాళ్లకి మళ్లీ మొదట్నించీ.

ఇలాంటి ఆవిడ చేతికి ఒకరోజు రాజుగారు చిక్కాడు. రాజుగారంటే రాజు వేషం కట్టే పెద్ద నర్తకుడు. యాభై దాటినా ఆయన గిరగిరా తిరుగుతుంటే చూసే కుర్రాళ్లకి కళ్లు తిరుగుతాయి. నెత్తి మాత్రం అద్దమే. ఆ అద్దం ఇంకొకరికి చూపించడమెందుకని తన విగ్గు తనే అంటించుకునేవాడు. ఆ శనివారం ఆట మధ్యలో ఒక చుట్టు తిరిగి ఆగాడు. ఆయన ఆగాడు గాని విగ్గు ఆగలేదు. ఎగిరి వెళ్లి డ్రమ్ము మీద పడింది. డ్రమ్ములాయన కళ్లు మూసుకుని వాయించే రకం. నాలుగు దెబ్బలు పడ్డాక గాని ఆయనకి తేడా తెలియలేదు.

మేనేజరు ఒక్కటే మాటన్నాడు. "ఇంకోసారి ఊడిందంటే రాజు వేషం మీ శిష్యుడికి."

ఆ శిష్యుడిది శత్రువు వేషం. ఆఖరి పోరులో రాజు జుట్టు పట్టి లాగడమే అతని పని. ఇంక నేను విడమర్చి చెప్పక్కర్లేదు.

మర్నాడు రాజుగారు గది తలుపు దగ్గర నిలబడి "అక్కా..." అన్నాడు. ముప్పయ్యేళ్లలో అదే మొదటిసారి.

"ఇప్పుడు గుర్తొచ్చానా? కూర్చో." అత్త ఆయన నడినెత్తిన వేలు పెట్టింది. వేలు జర్రున మెడ దాకా జారిపోయింది. "ఇదేంటయ్యా, నూనె?"

"రెండు పూటలా మర్దనా చేస్తున్నానక్కా. మొలకలొస్తున్నాయి. ఇప్పటికి పదకొండు."

"నూనె మీద జిగురు నిలుస్తుందా తమ్ముడూ? జారుడుబల్ల మీద కాపురం పెట్టినట్టుంది."

సబ్బుతో రెండుసార్లు కడిగింది. దూదిని స్పిరిట్లో ముంచి తుడిచింది. ఆరేదాకా అట్టముక్కతో విసిరింది. పిన్ను పట్టుకోడానికి జుట్టు లేదు కాబట్టి నెత్తి చుట్టూ మందపాటి మఖమలు పట్టీ బిగించాలి, పిన్నులు విగ్గులోంచి ఆ పట్టీలోకి అడ్డదిడ్డంగా దిగాలి. నుదుటి మీద, చెవుల వెనక జిగురు. అంతా బాగానే ఉంది గాని, ఆ పదకొండూ సరిగ్గా జిగురు పడాల్సిన చోటే మొలిచాయి. అత్త కత్తి తీసింది.

"అక్కా, వద్దు! ఎనిమిది నెలల కష్టం!"

"వేషం కావాలా, వెంట్రుకలు కావాలా?"

రాజుగారు అద్దంలోకి చూశాడు, కత్తి వంక చూశాడు, కళ్లు మూసుకున్నాడు. "కానీ" అన్నాడు. ఒక్క గీతకే పని అయిపోయింది. ఆయన మాత్రం చాలాసేపు ముక్కు చీదుతూనే ఉన్నాడు. చివర్లో అత్త జుట్టు పట్టి లాగితే "అమ్మో!" అని హాలంతా వినబడేలా అరిచాడు. పాస్.

ఆ సాయంత్రం ఆఖరి పోరు. రోజూ రెండు వేళ్లతో జుట్టు పట్టే శిష్యుడు ఆవేళ రెండు చేతులా పట్టాడు. కాలు తన్నిపెట్టి లాగాడు. విగ్గు రాలేదు. రాజుగారు గిర్రున తిరిగాడు, శిష్యుడు వదల్లేదు. రెండో చుట్టుకి అతని కాళ్లు నేల వదిలాయి. మూడో చుట్టుకి రంగులరాట్నంలో గుర్రంలా గాల్లో తేలుతున్నాడు. నాలుగో చుట్టుకి పట్టు జారి డ్రమ్ము పక్కన పడ్డాడు. ఈసారి డ్రమ్ములాయన కళ్లు తెరిచే ఉన్నాడు కాబట్టి కొట్టలేదు. జనం ఒకటే ఈలలు. మేనేజరు అదేదో కొత్త అడుగనుకుని "బ్రహ్మాండం! రోజూ ఉంచండి" అన్నాడు.

చిక్కంతా తర్వాత వచ్చింది. విగ్గు తియ్యబోతే రాదు. నేనో పక్క, అత్తో పక్క లాగాం. ఆఖరికి ఆ జిగురు దేనికి లొంగిందంటే, ఆయన మొలకల నూనెకే.

"అదీ దాని అసలు పని" అంది అత్త, సీసా తన బల్ల మీద పెట్టేసుకుంటూ.

ఇదంతా రాసి ఆవిడకి చదివి వినిపించాను. నోట్లోంచి పిన్నులన్నీ తీసి మరీ చెప్పింది:

"గాల్లో తేలడమేంట్రా, వాడు జారి పడ్డాడు. విగ్గు కుడి చెవి పక్కన వేలెడు లేచింది కూడా. అటువైపు జనం లేరు గనక బతికిపోయాం. మర్నాటి నుంచి అక్కడ ఇంకో రెండు పిన్నులు పెడుతున్నాను."