సత్యనారాయణ వ్రతంలో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్

దేవుడి పనికి గేమ్ కన్సోల్‌ను పురమాయించిన మహానుభావుడు ఈ దేశంలో నాకంటే ముందు ఎవరైనా ఉన్నాడో లేడో నాకు తెలియదు. ఉంటే మాత్రం వాడు బతికి బట్టకట్టి ఉండడు. నేను బట్టకట్టాను. అది కూడా పట్టుబట్ట, పంచెకట్టు. ఆ పంచె ఊడిపోయేంత పని ఎలా జరిగిందో చెబుతాను, నవ్వుకోండి. అప్పుడు మా ఇంట్లో నవ్వినవాళ్లు ఎవరూ లేరు.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి బిలాస్‌పూర్ రైల్వేలో పనికొచ్చాడు. నాన్న లోకో పైలట్. అమ్మ రైల్వే క్వార్టర్‌లో పుట్టి, ఇంకో రైల్వే క్వార్టర్‌కి కాపురానికొచ్చి, గోడకు మేకు కొట్టాలన్నా "మనది కాదు కదా" అని చెయ్యి వెనక్కు తీసుకుంటూ బతికిన మనిషి. అలాంటిది బిలాస్‌పూర్ శివార్లలోని మోప్కాలో రెండు గదులూ ఒక హాలూ ఉన్న సొంతిల్లు కట్టుకున్నాం. గృహప్రవేశం నాటి తెల్లవారుజామున అమ్మా నాన్నా పాలు పొంగించారు. పొద్దెక్కాక సత్యనారాయణ వ్రతం, ఆ తరవాత భోజనాలు. రైల్వే కాలనీలో మాకు తెలిసినవాళ్లంతా వచ్చారు.

శాస్త్రప్రకారం ఆ ఇంట్లోకి దేవుడి పటం ముందు వెళ్లింది. దాని వెనకాలే నా చంకలో గేమ్ కన్సోల్ వెళ్లింది. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినవాణ్ణి అందరూ వెక్కిరిస్తారు గానీ, పిల్లి సిస్టమ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అడగదు.

ఆ వారమంతా మా ఆటగాళ్ల గుంపులో ఈ అప్‌డేట్ గురించే రచ్చ. చేసుకున్నవాడిది ఒక ఏడుపు, చేసుకోనివాడిది ఇంకో ఏడుపు.

"టైగర్ భాయ్, మత్ కర్నా, చెయ్యకు! మెనూ అంతా ఉల్టా పుల్టా చేసి పారేశారు. సెట్టింగ్స్ ఎక్కడుందో వెతుక్కోలేక చస్తున్నా," అన్నాడు పింటూ. పింటూ మా పాత క్వార్టర్ పక్కింటి కుర్రాడు. ఆటలో వాడి పేరు బ్లాక్ కోబ్రా. బల్లి కనబడితే మంచమెక్కుతాడు, అది వేరే విషయం. టైగర్ అంటే నేను. అదీ వేరే విషయమే.

ఇంకొకడు తన కన్సోల్ ఫ్యాను చప్పుడు తగ్గిందని లడ్డూలు పంచినంత పని చేశాడు. మరొకడికి ఏ తేడా తెలియలేదు. "కుచ్ భీ నహీ బద్‌లా! ఇదేనా ఇన్నాళ్లు చేసింది?" అని వాడు అందరికంటే ఎక్కువ మండిపడ్డాడు. నేను గుంపులో పెద్దమనిషిని కాబట్టి "తొందరపడొద్దు, అందరి అనుభవమూ చూద్దాం" అని తీర్పు చెప్పి, కన్సోల్ అడిగినప్పుడల్లా "తరవాత" అని నొక్కుతూ వచ్చాను. ఆ నొక్కుడు ఇంకొక్క రోజు నొక్కి ఉంటే ఈ కథే లేదు.

వ్రతానికి అన్నీ అమిర్చాక పంతులుగారి ఫోనొచ్చింది. ఆయన ముందురోజు బిలాస్‌పూర్‌కి దగ్గర్లోని కోటా అనే ఊళ్లో ఎవరింట్లోనో పూజ చేయించి పొద్దున్న బండికి తిరిగొస్తున్నారు. ఆ బండిని ఆ ఊరి స్టేషన్ కర్గీ రోడ్‌లోనే నిలబెట్టేశారట.

"ఎప్పుడు కదులుతుందో చెప్పడం లేదమ్మా. వర్జ్యం వచ్చేలోగా మీరు మొదలుపెట్టెయ్యండి. వ్రతం వీడియోలు బోలెడున్నాయి, ఒకటి పెట్టుకుని పూజ కానివ్వండి. కథల వేళకు నేను వచ్చేస్తా," అన్నారు.

అమ్మ మొహం వాడిపోయింది. ఆ మొహం చూసి అక్క వెంటనే తన ఫోన్ తీసింది. "ఇందులో లగా దేతే హై నా అమ్మా. పెద్ద సౌండ్ పెడతాను."

అక్కడ ఆగి ఉంటే అందరం సుఖంగా భోంచేసి ఇళ్లకు పోయేవాళ్లం. కానీ శంఖంలో పోస్తేగాని తీర్థం కాదన్నట్టు, టీవీలో వస్తేగాని మంత్రం కాదని నాకనిపించింది.

"ఇంతమందికి ఫోనేం వినబడుతుందే? టీవీలో పెడతాను, పంతులుగారు ఎదురుగా కూర్చున్నట్టే ఉంటుంది," అన్నాను.

"ఆ టీవీకి నెట్ లేదు కదరా?" అన్నాడు నాన్న.

"నా కన్సోల్ ఉంది. ఫోన్లో నెట్ దానికిస్తాను. అందులో వీడియోలు కూడా వస్తాయి."

నిజానికి నా కోరిక వేరు. ఇంతకాలం "ఆ డబ్బాతో ఆడి ఆడి పాడైపోయాడు" అన్న కాలనీ పెద్దల ముందు ఆ డబ్బాతోనే సత్యనారాయణస్వామిని పిలిపించాలని. టీవీ పెట్టాను, కన్సోల్ పెట్టాను, వీడియో కోసం నొక్కాను. అది ఖరాఖండిగా చెప్పింది: అప్‌డేట్ చేస్తేనే ముందుకు. "తరవాత" అనే మాట ఆ తెర మీద ఎక్కడా లేదు.

పీట మీద తడి జుట్టుతో కూర్చున్న అమ్మ అడిగింది. "ఏటిరా అది?"

"ఏం లేదమ్మా. చిన్న అప్‌డేట్. రెండు నిమిషాలు."

అయ్యా, రెండు నిమిషాలన్నవాడు రెండు నిమిషాల్లో పని ముగించిన దాఖలా ఈ భూమ్మీద ఉందా? తెర మీద ఒక గీత పాకడం మొదలుపెట్టింది. హాలు నిండా జనం చేతులు జోడించి ఆ గీతనే చూస్తున్నారు. వాళ్లలో సగంమంది రైల్వేవాళ్లు. గీత కదులుతోందంటే వాళ్ల దృష్టిలో అది బండే.

"బానే లాగుతంది," అన్నాడు నాన్న.

కాసేపటికి గీత చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

"ఔటర్ సిగ్నల్ కాడ నిలబెట్టీసినారు," అన్నాడు సత్యం మావయ్య. ఆయన గూడ్సు గార్డుగా రిటైరయ్యాడు. మా అందరికీ ఇంగ్లీషు ఉత్తరాలు చదివిపెట్టేది ఆయనే. "లైను క్లియర్ అవ్వలేదేమో. ఓ పాలి స్విచ్చి ఆపి ఎయ్యండి."

"స్విచ్చి ముట్టుకోవద్దు మావయ్యా!" అని అరిచాను. "మధ్యలో కరెంటు పోతే చచ్చిపోద్ది!"

"శుభమా అని ఇంట్లో అడుగెడితే ఆ సావు మాటలేట్రా!" అంది అమ్మ.

వెనక వరసలోంచి పాత పక్కింటి మిశ్రా ఆంటీ మెల్లగా నన్ను పిలిచింది. "బేటా, యే కౌన్ సీ పూజా హై? బడీ శాంతి సే హో రహీ హై." ఇదేం పూజో గానీ ఎంతో ప్రశాంతంగా సాగుతోందట.

ఎట్టకేలకు గీత నిండింది. కన్సోల్ ఆగి మళ్లీ వెలిగింది. వరసగా ఏవేవో ప్రశ్నలు వచ్చాయి, అంతా పొడుగాటి ఇంగ్లీషు. అమ్మ నన్నే చూస్తోంది. నేను చదవలేదు. ఓకే, ఓకే, ఓకే అని నొక్కుకుంటూ పోయాను. వాటిల్లో ఒకటి, చూపు సరిగా లేనివాళ్ల కోసం తెర మీద ఉన్నదంతా పైకి చదివి వినిపించమంటారా అన్న ప్రశ్న అట. పాపం మర్యాదగానే అడిగింది. నేను ఓకే అన్నాను.

"వెల్‌కమ్," అంది టీవీలోంచి ఒక ఆడగొంతు.

ముందు వరసవాళ్లు టీవీ వెనక్కి తొంగిచూశారు.

"ఎవర్రా ఆ పిల్ల?" అంది అమ్మ.

"పిల్ల కాదమ్మా, కన్సోల్," అంటూ గబగబా వీడియో మొదలుపెట్టాను. మంత్రం వచ్చింది, హమ్మయ్య అనుకున్నాను. "కేశవాయ స్వాహా" అన్నారు వీడియోలో పంతులుగారు. నాన్న ఉద్ధరిణెతో నీళ్లు తీసుకున్నాడు. "పాజ్. బటన్," అంది ఆ గొంతు. నాన్న మళ్లీ నీళ్లు తీసుకున్నాడు. ఆయన ఉద్యోగమంతా చెప్పింది చెప్పినట్టు చేసిన మనిషి. "వాల్యూమ్. బటన్." ఇంకోసారి తీసుకున్నాడు.

ఆ గొంతు ఆపాలంటే సెట్టింగ్స్‌కు వెళ్లాలి. పింటూ చెప్పింది అక్షరాలా నిజం, సెట్టింగ్స్ ఉండాల్సిన చోట లేదు. ఆఖరి క్షణంలో ప్లాట్‌ఫారం మార్చినట్టు అన్నిటినీ అటూ ఇటూ మార్చేశారు. పైగా వెతకడానికి నొక్కిన ప్రతి నొక్కునూ ఆవిడ చదువుతోంది. నోరు మూయించడానికి నేను ఎంత పాటుపడితే అంత మాట్లాడుతోంది. వినాయకుణ్ణి చెయ్యబోతే కోతి అయిందంటారు. నాది మాట్లాడే కోతి అయింది.

ఇంతలో మా గుంపుకు నేను ఆన్‌లైన్లోకి వచ్చానని తెలిసిపోయింది.

"మెసేజ్ ఫ్రమ్ బ్లాక్ కోబ్రా," అంది గొంతు. "ఎవ్‌రీథింగ్ ఈజ్ ఫినిష్డ్."

అది పింటూగాడి గోడు. అప్‌డేట్‌లో వాడు దాచుకున్న ఆటలు పోయాయట. కానీ హాల్లో అందరూ సత్యం మావయ్య వైపు తిరిగారు.

"నల్లతాచంట," అన్నాడు మావయ్య గొంతు సవరించుకుని. "అంతా అయిపోనాదంట."

"ఓలమ్మో!" అంది అమ్మ.

"ఆట గురించమ్మా! అది పింటూ..."

"యమ్‌రాజ్ ఈజ్ నౌ ఆన్‌లైన్."

ఆ మాటకు అనువాదం అక్కర్లేకపోయింది. మిశ్రా ఆంటీ "హే రామ్" అంటూ లేచి నిలబడింది. యమ్‌రాజ్ అంటే మా గుంపులో ఇంకొక ఆటగాడు. ఉండేది బిలాస్‌పూర్‌లోనేనట గానీ, మొహం చూసినవాళ్లం లేం. గొంతు విప్పడు, మెసేజులు మాత్రం పెడతాడు, గురి తప్పడు. ఇదంతా అమ్మకు ఎక్కడినుంచి మొదలుపెట్టి చెప్పాలో తేల్చుకునేలోగా గొంతు మళ్లీ అందుకుంది.

"మెసేజ్ ఫ్రమ్ యమ్‌రాజ్. ఐ వార్న్‌డ్ యూ. ఐ విల్ కమ్ టునైట్. హౌ మెనీ పీపుల్ ఆర్ రెడీ?"

సత్యం మావయ్య చెప్పనా వద్దా అని తటపటాయించాడు.

"సెప్పు బావా," అన్నాడు నాన్న.

"ముందే సెప్పినాను కదా అంటన్నాడు. రాత్రికొస్తాడంట. మరి..." మావయ్య హాలంతా ఒకసారి కలయజూశాడు. "ఎంతమంది తయారుగా ఉన్నారని అడుగుతన్నాడు."

వెనక వరసలో ఇద్దరు చెప్పుల కోసం గుమ్మం వైపు వెళ్లారు. నాన్న పీట మీద నుంచి లేచి, పట్టాల మీద ఎదురుగా ఏదో కనబడితే ఎమర్జెన్సీ బ్రేకు వేసినంత ప్రశాంతంగా వెళ్లి ప్లగ్గు పీకేశాడు. అప్‌డేట్ నొక్కనేల, ప్లగ్గు పీకనేల!

టీవీ నల్లబడింది. అమ్మ అక్షింతలు గుప్పిట్లో పట్టుకుని అలాగే కూర్చుంది. తన ఇంట్లో తను చేసుకుంటున్న మొదటి పూజ. ఆ గుప్పిట చూస్తే నా పట్టుపంచెతో నేనే మొహం కప్పుకోవాలనిపించింది.

అక్క వంటింట్లోంచి పెద్ద స్టీలు గ్లాసు తెచ్చి, అందులో తన ఫోన్ నిలబెట్టి వీడియో పెట్టింది. గ్లాసులోంచి మంత్రం గంటలా ఖంగున మోగింది. గుమ్మందాకా వెళ్లినవాళ్లు కూడా తిరిగొచ్చి కూర్చున్నారు. పూజ నడిచింది.

కథలు మొదలయ్యే వేళకు పంతులుగారు నిజంగానే వచ్చేశారు. నాకంటే రెండు మూడేళ్లు పెద్దేమో, కొత్తగా బిలాస్‌పూర్ వచ్చిన మనిషి. స్పష్టమైన గొంతు. అయిదు కథలూ చెప్పి, హారతి ఇప్పించి, ప్రసాదం పెట్టించారు. అమ్మ మొహం విచ్చుకుంది. అప్పుడు సత్యం మావయ్య ఊరుకోకుండా ఆయన పక్కన చేరి పొద్దుటి భాగవతమంతా చెప్పాడు.

"ఆఖరికి యమ్‌రాజ్ రాత్రికొస్తానని కబురెట్టినాడండి. దీనికేటైనా శాంతి చెయ్యాలేటండి?"

పంతులుగారి చేతిలో ప్రసాదం దొన్నె ఒరిగింది. ఆయన నా వైపు చూశారు. "బాబూ, కాస్త చేతులు కడుక్కోవాలి, నీళ్లు పోస్తావా?" అని నన్ను పెరట్లోకి తీసుకెళ్లారు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు.

"నువ్వేనా... టైగర్?"

"అవునండి," అన్నాను. "మీరు..."

"యమ్‌రాజ్. నేనే నాయనా. బండి కదలక ఏం తోచక ఫోన్లోంచి పెట్టాను ఆ మెసేజు. అప్‌డేట్ వద్దని ముందే చెప్పాను కదా అని కోబ్రాకి గుర్తుచేసి, రాత్రి మ్యాచ్‌కి ఎంతమంది రెడీ అని అడిగితే ఇంత ఘోరం జరుగుతుందని నాకేం తెలుసు?"

నేను అడక్కుండా ఉండలేకపోయాను. "అయ్యా, శుభకార్యాలు చేయించేవారు, ఆ పేరేమిటండి?"

"శ్రీపతి అని కొట్టాను, ఎవరో తీసేసుకున్నారంది. లక్ష్మీపతి అన్నాను, అదీ లేదంది. దేవుళ్ల పేర్లు ఒక్కొక్కటీ కొట్టుకుంటూ వెళ్తే ఆఖరికి ఖాళీగా మిగిలింది అదొక్కటే." ఆయన నిట్టూర్చారు. "మీ అమ్మగారికి చెప్పకు బాబూ. వచ్చే నెల మీ కాలనీలోనే రెండు పెళ్లిళ్లు ఒప్పుకున్నాను."

చెప్పనన్నాను. ఆయన ఊరుకోలేదు. ఇకమీదట ఇలాంటి పని చెయ్యనని నా చేత ఒట్టు కూడా వేయిస్తానన్నారు. కుడి అరచేతిలో నీళ్లు పోసి సంకల్పం చెప్పించారు, నేను తిరిగి చెప్పాను:

"భరతవర్షే, భరతఖండే, బిలాస్‌పూర్ నగర సమీపే, మోప్కా గ్రామే, స్వగృహే, పెరట్లో, రమణ నామధేయుడనగు నేను, ఇంటికి బంధుమిత్రులు విచ్చేసిన ఏ శుభదినమందునూ, ఏ యంత్రమునకునూ అప్‌డేట్ చెయ్యను. అది అడిగిన ప్రశ్న ఆసాంతం చదవకుండా ఓకే నొక్కను. నొక్కితే ఆ యంత్రము నా నోటనే మాట్లాడుగాక."

కళ్లు మూసుకుని, గంభీరంగా, చేతిలో నీళ్లు కిందికి వదిలాను.

"ఒరే!" వంటింటి కిటికీలోంచి అమ్మ కేక. "నా కొత్త గచ్చు మీద నీలొంపుతావేట్రా! ఇదేటి రైల్వే క్వార్టరనుకున్నావేటి?"

టైగరూ యమ్‌రాజూ ఇద్దరం ఒక్క పరుగున గుడ్డ కోసం వెళ్లాం.