లక్కముద్ర వేసిన కార్డు

లాలాగూడ దాటాక షేర్ ఆటో ఓ గతుకులో ఎగిరింది. ఆ ఊపులోనే ఒక నల్లగొడుగు వచ్చి, యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న ధరణి ఫోన్ మీద వాలింది. గొడుగు పట్టుకున్నది పక్కసీటు బుచ్చిబాబుగారు. క్యాంపస్‌లో ఆయన్ని ఎరగనివారు లేరు, ఆయన బ్యాంకు కార్డును చూసినవారూ లేరు. పరీక్షల విభాగంలో ప్రశ్నపత్రాలకు కాపలా కాసి రిటైరైన మనిషి. కార్డును కూడా ఖాకీ కవర్లో పెట్టి, లక్కముద్ర వేసి, బనీను జేబులో దాచుకు తిరుగుతారు.

ఆన్‌లైన్‌లో ఏదైనా కొనాలంటే ఆ ఇంట్లో పెద్ద తతంగం. ముద్ర చెక్కుచెదరలేదని ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. మొన్న మిక్సీ కొనబోతే, సాక్షి పక్కింటాయన స్నానం ముగించి వచ్చేలోపు తగ్గింపు ధర ముగిసిపోయింది. "మిక్సీ రాలేదు గాని లక్కవాసన ఇంకా పోలేదు" అంటారు భార్య అరుంధతిగారు. రహస్యం దాచలేక కూలిన రాజ్యాలున్నాయి. దాచీ దాచీ పచ్చడికి మొహం వాచిన ఇల్లు మాత్రం అదొక్కటే.

"ఏమ్మా, తెరమీద అదేమిటి?"

"నా కార్డు ఫొటో సార్. థీసిస్ ఫీజు కట్టాలె, ఇయ్యాల్నే ఆఖరు. కార్డు రూంల మర్చిపోయిన. హాస్టల్ గ్రూపుల ఫొటో ఉంటది కద, చూసి కొడుతున్న."

"గ్రూపులోనా?"

"రెండు దిక్కులా తీసి పెట్టిన సార్. నా కార్డుకు ఆఫర్ ఉన్నది. ఎవలకన్న చెప్పులు గావాలంటే దాంతోనే కొని, పైసలు నాకు పంపుతరు. అందరికి ఫాయిదా."

"గ్రూపులో ఎవరెవరున్నారు?"

"హాస్టలంతా ఉన్నది. ఖాళీ చేసి పోయినోళ్లు గూడ ఉన్నరు."

బుచ్చిబాబుగారి మొహం సున్నం కొట్టినట్టయింది. "ఆటో ఆపు నాయనా."

"తార్నాక ఇంకా రాలే సార్" అన్నాడు డ్రైవర్.

"పేపర్ లీకయింది. ఆపు."

ఏ పేపరో తెలియకపోయినా బ్రేకు తొక్కాడు.

ఆయనతోపాటు ఫుట్‌పాత్ మీదికి దిగిన ధరణి విసుక్కుంది. "ఓటీపీ నా ఫోన్‌కే వస్తది సార్. ఏం గాదు."

"విదేశీ దుకాణాలు కొన్ని దాన్ని అడగనే అడగవు తల్లీ."

ఆమె నవ్వబోయింది. అంతలో మెసేజ్ వచ్చింది: పేరు పలకరాని ఏదో విదేశీ కొట్టుకు డెబ్బై రూపాయలు.

"దొంగలు రుచి చూశారు" అన్నారాయన. "ఇప్పుడు విస్తరేసుకుని కూర్చుంటారు. ముందు కార్డు బ్లాక్ చెయ్యి."

ఆర్నెల్ల ఫెలోషిప్ మొన్ననే ఒక్కసారిగా ఆ ఖాతాలో పడింది. ధరణి గబుక్కున యాప్ తెరిచి బ్లాక్ నొక్కింది. వెంటనే రెండో మెసేజ్: నలభై వేల కొనుగోలు తిరస్కరణ.

"మరి ఫీజు ఎట్ల సార్? ఆ పేజీ కార్డు తప్ప ఇంకోటి తీసుకోదు. గ్రూపుల ఇంకెవలదన్న కార్డు అడుగుత."

ఆయన చూసిన చూపుకి ఫోన్ దించేసింది.

బుచ్చిబాబుగారు బనీను జేబులోంచి కవరు తీశారు.

"సార్, సాక్షులు?"

"వాళ్లొచ్చేదాకా నీ గడువు ఆగుతుందా?" అంటూ ముద్ర పుటుక్కున విరిచారు. విదేశీ దొంగ కూడా ధరణిని అంతగా అదరగొట్టలేదు.

"నీ దరఖాస్తు నంబరు చెప్పు. చెప్పి అటు తిరుగు."

ఆమె బుద్ధిగా బస్సులవైపు తిరిగి నిలబడింది. వెనక ఆయన ఫోన్ టిక్కుటిక్కుమంది. కాసేపటికి ఆమె ఫోన్ మోగింది: ఫీజు ముట్టింది.

"సార్, ఇప్పుడే మీకు పైసలు కొడ్త, నంబర్ చెప్పుండ్రి" అంటూ తిరిగింది.

ఆయన అప్పటికే రోడ్డు దాటేశారు. ఒక చెయ్యి గుండెమీద అదిమిపెట్టి, ఇంకో చేత్తో గొడుగు ఊపుకుంటూ, వెనక్కి చూడకుండా గబగబా తార్నాకవైపు పోతున్నారు. ముద్ర లేని కార్డు జేబులో ఉన్న మనిషి అంతకన్న మెల్లగా ఎలా నడుస్తాడు?