పౌడరు డబ్బాలో తాత

ఐవీ పుట్టింటి ఇంటిపేరు హ్యారీ. అదేం ఇంటిపేరని నవ్వేవాళ్ళు నవ్వుతారు గానీ, బ్రిస్బేన్‌కి ఉత్తరానున్న మా మకాయ్‌లో చెరుకు పనికి ఓడలెక్కి వచ్చిన దీవులవాళ్ళ మనవలు సగంమందికి ఇంటిపేర్లు ఇలాంటివే. చెరుకు తోట దొరకు ఐవీ తాత అసలు పేరు నోరు తిరగక, ఎదురుగా నిలబడ్డ మనిషిని హ్యారీ అన్నాడు. ఆ మనిషి చచ్చేదాకా హ్యారీగానే చెరుకు కొట్టాడు. ఊరి ఊసెత్తితే ఏడుపొస్తుందని ఎత్తేవాడు కాదు. పోయేముందు మాత్రం కొడుకు చెయ్యి పట్టుకుని "నన్ను మా నేలలో కలపండి" అన్నాడు. ఏ నేలో చెప్పేలోపే మాట పడిపోయింది. ఆ కొడుకు ఐవీ తండ్రి. ఆయనా తీర్చలేక, ఆ కోరికను ఐవీ నెత్తిన పెట్టి కన్నుమూశాడు.

ఆసుపత్రి వంటగదిలో జీవితమంతా గరిటె తిప్పిన ఐవీ, పని మానేశాక రికార్డుల మీద పడింది. లైబ్రరీ వెనక గదిలో ఓడల పట్టీలు, తోటల జీతాల పుస్తకాలు, కోర్టు కాగితాలు ముందేసుకుని కూర్చునేది. ఎక్కడ చూసినా హ్యారీలే. జ్వరంతో పడుకున్న హ్యారీ, పారిపోయి దొరికిన హ్యారీ, దొరకు ఎదురు చెప్పి జైలుకెళ్ళిన హ్యారీ. ఇందులో తన తాత ఎవరో దేవుడికే తెలియాలి. ఎడ్లకు ఇచ్చిన పాటి విలువ కూడా మనుషుల పేర్లకు ఇవ్వని ఆ గుమాస్తాల చేతులు విరిగిపోను అని నేననుకుంటాను. ఆమె మాత్రం కళ్ళద్దాలు తుడుచుకుని ఇంకో పేజీ తిప్పేది.

"బతికున్న మొగుడికి కూడు లేదు గానీ, చచ్చిన తాతకి సేవలా?" అని చెల్లెలు డాట్ దెప్పేది.

"మీ బావకి ఫ్రిజ్ తలుపు తియ్యడం వచ్చులేవే," అనేది ఐవీ.

చివరికి ఓ పాత చర్చి బాప్తిస్మాల పుస్తకంలో దొరికాడు. ఆ పాదిరి ఎవరో గానీ పుణ్యాత్ముడు, అడిగి మరీ రాసుకున్నాడు: హ్యారీ, అసలు పేరు తారిబూలె, ఊరు వాతుంబె, భార్య నెల్లీ. నెల్లీ అంటే ఐవీ నాయనమ్మే. తారిబూలె, తారిబూలె అని ఐవీ పైకే చదువుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళు తలెత్తి చూసినా ఆపలేదు.

మర్నాడు శ్మశానానికి వెళ్ళి, కంచె పక్కన తాత సమాధి మట్టి గుప్పెడు తీసి, కడిగి ఆరబెట్టిన పౌడరు డబ్బాలో పోసుకుంది. వాతుంబె ఉన్న వనువాటు దీవులకు విమానం, అక్కణ్ణించి పడవ.

వాతుంబెలో ఆమెను నెత్తిన పెట్టుకున్నారు. ఆకుల్లో చుట్టి వేడి రాళ్ళ మీద వండిన లాప్‌లాప్ పెట్టారు. తాత పేరు చెప్పగానే ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకుని, ఓ గుడిసె ముందు చాప మీద కూర్చున్న ముసలాయన దగ్గరికి తీసుకెళ్ళారు.

"ఈయనే తారిబూలె," అంది ఆ ఇంటి పెద్దావిడ లియాన్.

ఐవీ తెల్లబోయింది. లియాన్ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది.

"ఓడెక్కినోడు తిరిగి రాలేదు. చాన్నాళ్ళు ఎదురు చూశారు. ఆఖరికి పందుల్ని కోసి, చావు భోజనాలు పెట్టి, ఆయన పేరూ నేలా మేనల్లుడికి ఇచ్చేశారు. ఆయన తర్వాత ఆయన మేనల్లుడికి, అంటే ఈయనకి. పేరు ఎవరి దగ్గరుంటే మనిషి వాళ్ళేనమ్మా."

చూపు ఆనని ముసలాయన ఐవీ మొహం తడిమాడు. "అయితే నా మనవరాలివే. కూర్చోవే. అక్కడ నేనేం చేసేవాణ్ణి?"

"చెరుకు కొట్టేవాడివి తాతా."

"పెళ్ళి చేసుకున్నానా?"

"చేసుకున్నావు. నెల్లీ అని."

"మంచిదేనా?"

"రోజూ నీ మీద కేకలేసేదట."

"అయితే మంచిదే," అని బోసినోటితో నవ్వాడు. తన కథ తనకే చెబుతున్నట్టు ఆమె చెప్పింది, తన కథే అన్నట్టు ఆయన విన్నాడు. అంతకాలం వెతికితే కాగితాల్లో పేరొక్కటే దొరికిన తాత ఇక్కడ మనిషిగా దొరికాడని ఐవీకి ఎంతో సంతోషమేసింది. ఆ సంతోషంలోనే సంచిలోంచి డబ్బా తీసి, అదేమిటో లియాన్‌కు చెప్పింది.

లియాన్ గబుక్కున ఆమె చెయ్యి పట్టుకుని అవతలికి తీసుకెళ్ళింది. "లోపల పెట్టెయ్ తల్లీ. ఆ పేరుకి ఈ నేలలో గొయ్యి తీస్తే ఈయన ఇంకెన్నాళ్ళుంటాడు? బతికున్నోణ్ణి ఎలా పాతిపెడతాం?"

"మరి మా తాతని ఏం చెయ్యను?"

"ఆయన కర్మ మా పెద్దోళ్ళు ఎప్పుడో చేసేశారమ్మా," అని లియాన్ కళ్ళు తుడుచుకుంది.

సముద్రంలో కలుపుదామంటే మనసొప్పలేదు. తాతను ఎత్తుకుపోయింది ఆ నీళ్ళే. మకాయ్‌లో అన్నేళ్ళున్నా ఆయన ఒడ్డుకు కూడా వెళ్ళేవాడు కాదట. ఎవరినైనా తిట్టుకుందామన్నా తప్పు ఎవరిదీ కాదు. ఐవీ డబ్బాను ఒళ్ళో పెట్టుకుని తిరుగు విమానమెక్కింది. ఎక్కణ్ణించి తెచ్చిందో అక్కడే, ఆ కంచె పక్కనే, మళ్ళీ పెడదామనుకుంది.

వెళ్ళేటప్పుడు ఎవరూ పట్టించుకోని డబ్బాను బ్రిస్బేన్‌లో విమానం దిగగానే తనిఖీ కుక్క వాసన పట్టింది.

"బయటి మట్టి లోపలికి రానివ్వం ఆంటీ. కాల్చెయ్యాలి," అంది అక్కడి ఉద్యోగిని.

"ఇది బయటిది కాదమ్మా, ఇక్కడిదే. మా మకాయ్ మట్టి."

"అయ్యుండొచ్చు. కాగితం ఉందా?"

ఇన్నేళ్ళూ కాగితాల మధ్యే బతికిన ఐవీ దగ్గర ఆ ఒక్క కాగితం లేదు.

ఉద్యోగిని డబ్బా తీసుకుని పసుపు రంగు పెట్టెలో వేసింది. చీటీ మీద కలం ఆనించి, "ఇందులో ఏముందని రాయమంటారు?" అని అడిగింది. తిట్టే మనిషి కాదు, మర్యాదగానే అడిగింది.

ఐవీ నోటిదాకా పేరొచ్చింది. ఆ పేరు గలాయన అక్కడ చాప మీద నవ్వుతూ కూర్చుని ఉన్నాడు. కాల్చేదాని మీద ఆ పేరెలా రాయిస్తుంది?

"మట్టి అని రాయమ్మా," అంది.