మాస్టారు కొట్టేసిన చుట్టరికం

మా మనవరాలు ఎర్ర పెన్సిలు చెక్కుతోంది. ఆ చెక్కపొట్టు వాసనా, లౌటోకా చక్కెర మిల్లు నుంచి గాలి మోసుకొచ్చే చెరకుపాకం వాసనా కలిసి ముక్కుకు తగిలేసరికి దేవదానం మాస్టారు గుర్తొచ్చారు. "ఆజీ, నా ఇంగ్లీషు కాంపొజిషన్ జరా చూడు" అంటూ ఆ పిల్ల పెన్సిలు నా చేతిలో పెట్టింది. ఆజీ అంటే మా ఫిజీ హిందీలో నానమ్మ.

కూలి ఒప్పందాల గిర్మిట్టు రోజుల్లో మాస్టారు నెల్లూరు నుంచి మా మిషను బడికి వచ్చారు. మావాళ్లలా వేలిముద్ర వేసి ఓడెక్కిన మనిషి కాదు, జీతానికి వచ్చిన పంతులు. కోపమొస్తే కళ్లజోడు తీసి తుడిచేవారు. అది ఎప్పుడూ తళతళలాడుతూ ఉండేదంటే మా చదువులు ఎంత సొగసుగా ఉండేవో మీరే ఊహించుకోండి. శనివారం మధ్యాహ్నాలు పెద్ద తరగతివాళ్లను వరండాలో కూర్చోబెట్టి, సొంతంగా ఇంగ్లీషు రాయించేవారు. మొదటిసారి వాన మీద రాయమన్నారు. అందరం రీడరులో బట్టీపట్టిన చలిమంటలూ మంచూ కంబళ్లే రాశాం. బయట రేకుల మీద వాన దంచేస్తోంది. ఆయన కాగితాలు పక్కన పెట్టి, "ఈ వానకి మీ ఇళ్లలో చలిమంట ఎవరు వేశారర్రా?" అని నవ్వారు. "చదివింది నాకెందుకు? చూసింది రాయండి." ఇంగ్లీషు మీద నాకు ప్రేమ పుట్టింది ఆ రోజే.

మరుసటేడు బడి చూడటానికి ఒక దొరగారు వస్తున్నారనీ, మంచి వ్యాసం చదివిన పిల్లను రాజధాని సువాలో పైచదువుకు తీసుకుంటారనీ తెలిసింది. ఆ చదువు పూర్తయితే పంతులమ్మను కావచ్చు, పార పట్టుకుని చెరకుతోటకు పోనక్కర్లేదు. నేను సింహాచలం మావ మీద రాశాను. మా అమ్మా ఆయనా ఒకే ఓడలో వచ్చారు. ఊళ్లు వేరు, కులాలు వేరు. అయినా ఓడ దిగేసరికి అన్నాచెల్లెళ్లు. కూలీలుండే మా లైన్లలో అందరి బంధుత్వాలూ అలాంటివే. నాన్న పోయాక మా పెద్దదిక్కు మావే. జ్వరమొస్తే గంజి కాచిందీ, కూలీల మీది సర్దారుతో తగువుపడి నన్ను బడికి పంపిందీ ఆయనే.

మాస్టారు చదువుతూ మురిసిపోయారు. ఉన్నట్టుండి పెన్సిలు ఆగింది.

"ఈయన మీ అమ్మకి తోడబుట్టినవాడేనా?"

"ఒకే ఓడండీ."

"మరి మేనమామ ఎలా అవుతాడమ్మా? దొరగారు గుచ్చి అడిగితే అబద్ధం రాశావనుకుంటారు."

'మా మేనమామ' అన్నచోట ఎర్రగీత కొట్టి, 'మా లైన్లలో ఒక మనిషి' అని రాశారు. నా మేలు కోరే రాశారు. అందులో నాకెప్పుడూ అనుమానం లేదు.

దొరగారు వచ్చిన రోజున మావ ఉతికిన పంచె కట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. నేను ఇంగ్లీషులో చదువుతుంటే, పెద్దలకు అర్థం కావాలని మాస్టారు ఒక్కో వాక్యాన్నీ తెలుగులో చెప్పారు. "మా లైన్లలో ఒక మనిషి ఉన్నాడు. మాకు గంజి కాచి పోశాడు..." మావ తల వంచుకున్నాడు. దొరగారు చప్పట్లు కొట్టారు. సీటు నాకే అన్నారు.

ఇంటికొచ్చాక అమ్మ ఎప్పటిలాగే, "అన్నా, గుంటని పంపీమంటావా?" అని అడిగింది.

మావ నేల చూస్తూ అన్నాడు: "నానేటి సెప్తాను సెల్లీ? నాను లైన్లో మనిసినని దొర కాయితం మీద రాసేసినారు కదా."

ఉక్రోషంతో అన్నమాట కాదది. ఓడెక్కేముందు డిపోలో గుమాస్తా తప్పుగా రాసిన పేరుతోనే బతుకంతా ఈడ్చినవాళ్లు మావాళ్లు. నోటిమాట మారుతుంది గానీ దొర కాగితం మీదకెక్కింది మారదని వాళ్లకు వాత పెట్టి మరీ నేర్పారు. మావ సరేననందే అమ్మ పంపదు. సరేననే హక్కు తనకు లేదంటాడు మావ. మధ్యలో నా ఏడుపు నాది.

సంగతి తెలిసి మాస్టారు ఎండలో నడుచుకుంటూ మా లైన్లకు వచ్చారు. "పిల్ల మేనమామ అనే రాసిందయ్యా. కొట్టేసింది నేను. తప్పు నాది."

మావ పీట వేసి, టీ ఇచ్చాడు. "సదువుకున్నోరు, తెలీకుండా రాస్తారేటి బాబూ?" అన్నాడు ఎంతో మర్యాదగా. ఇక ఎంత చెప్పినా ఆయన్ని కదిలించలేకపోయాం. సువా పడవలో వేరే పిల్ల వెళ్లింది.

"ఇంగ్లీషు దిద్దాననుకున్నాను పైడమ్మా, చుట్టరికం కొట్టేశాను" అన్నారు మాస్టారు తర్వాత నాతో. ఆపైన ఎవరి వ్యాసంలో మనిషి కనబడినా, "ఈయన నీకేమవుతాడు?" అని అడిగి, మేం చెప్పిందే ఉంచేవారు. కొన్నాళ్లకు ఆయన నెల్లూరు వెళ్లిపోయారు. నేను పారే పట్టాను. ఆ సీటు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది, లేదని చెప్పను. ఆయన మీద కోపం మాత్రం రాదు. రాయడమంటే ఏమిటో చెప్పిన మనిషి మీద కోపం ఎలా తెచ్చుకోను?

మావ మంచాన పడ్డప్పుడు, కొట్టేసిన మాటను మళ్లీ పెట్టి ఆ వ్యాసాన్ని తెలుగులో చదివి వినిపించాను. కళ్లు మూసుకుని అంతా విన్నాడు.

"దొర సూసినాడేటి ఇది?"

లేదు మావా, అన్నాను.

మనవరాలి వ్యాసంలో కామాలు సరిచేశాను. పక్కింట్లో ఉంటూ నాడీ పట్నానికి టాక్సీ తోలే అతన్ని తన బాబాయని రాసుకుంది. రక్తసంబంధం ఏమీ లేదు. నా చేతిలో పెన్సిలు ఆగడం చూసి, "తప్పా ఆజీ?" అంది.

"కాదు. మీ టీచరు గనక అది కొట్టేస్తే నాకు చెప్పు. బడికి నేనే వస్తాను."